అమావాస్య నాడు ఆడిన తొమ్మిది మగ్గాలు

కేసముద్రం దగ్గర వరద వచ్చి పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడాయి. ఆ మరుసటి ఏడు శ్రావణంలో జరిగింది ఇది. అంకె వేసి సంవత్సరం చెప్పమంటే తడుముకోవాలి. వరద పేరు చెబితే అన్నీ వరసగా గుర్తుకొస్తాయి.

నన్ను పిలిచింది స్వప్న. మడికొండ ఐటీ పార్కులో పని చేస్తుంది, నేతగాళ్ల పడుగు సంఘానికి ఫోన్ల మీద ఓట్ల ఏర్పాటు చేసిపెట్టింది. వాళ్ల నాన్నా నేనూ కాజీపేటలో ఒకే గ్యాంగులో పట్టాల మీద పని చేశాం. నేను ముప్పై నాలుగేళ్లు కీమ్యాన్‌ని. పట్టాను స్లీపరుకు పట్టి ఉంచే ఇనుప ముక్కను కీ అంటారు. అది వదులైతే సుత్తెతో కొట్టి బిగించాలి. రోజూ నడవాలి, రోజూ చూడాలి, అంతే. రిటైరయ్యాక జనం పోయినవి వెతికిపెట్టమని వస్తున్నారు. వెతుకుతున్నాను.

కొత్తవాడ మెయిన్ రోడ్డు మీద పడుగు సంఘం గదికి చేరేసరికి నా గడియారంలో పదకొండూ పది. రైల్వేలో బహుమానంగా ఇచ్చిన గడియారం అది. టైము పైకే చదువుకుంటూ లోపలికి పోయాను.

గదిలో రమాకాంత్ అప్పటికే ఉన్నాడు.

అతన్ని చూడగానే నాకు కడుపులో మండింది. దాచుకోవడం దేనికి. హనుమకొండలో ఆఫీసుంది అతనికి, తలుపు మీద పేరుంది. పోయిన ఏడాది ఇద్దరం ఒకే కేసు వెతికాం. మనిషిని కనిపెట్టింది నేను. పేపర్లో ఫోటో పడింది అతనిది.

"రా తాతా. టైముకు వచ్చినవ్," అన్నాడు ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా. "కానీ కేసు అయిపోయింది. పదకొండూ పన్నెండు అయింది. నీ గడియారం రెండు నిమిషాలు లేటు."

నేను కూర్చున్నాను.

"పెద్దబాపూ, సాయంత్రం ఆరింటికి ఓటు మూస్తరు," అంది స్వప్న. ఆమె కళ్లు రాత్రంతా నిద్ర లేనట్టున్నాయి. "మా నేతగాడు డేవిడ్‌ను గొలుసుల నుంచి తీసెయ్యాలె అని ఓటు. తీసేస్తే మళ్లా చేర్చుడు లేదు. నేను రాసిన రూలే అది. గొలుసు మీద పడ్డది చెరగదు."

"గొలుసు అంటే?"

"ఒక లెక్క పుస్తకం అనుకో. అది ఒక్కరి బీరువల ఉండదు. అరవై నాలుగు మందికి, అరవై నాలుగు ఫోన్లల్ల ఒక్కతీరుగ ఉంటది. ఒకడు దిద్దితే మిగతా అందరి దగ్గర తేడా కొడతది. అందుకే మా సంఘానికి అధ్యక్షుడు లేడు, సెక్రెటరీ లేడు. ఎవ్వడూ పెత్తనం చెయ్యద్దని."

"పెత్తనం లేకుండ ఓట్లు ఎట్ల పంచిండ్రు?"

ఆమె బల్ల మీద వేలితో గీస్తూ చెప్పింది. ప్రతి మగ్గానికీ ఒక లెక్క డబ్బా కట్టి ఉంటుంది. అచ్చు అంటే నేసిన పోగును దగ్గరికి నెట్టే దువ్వెన లాంటి పలక. అది కొట్టిన ప్రతి దెబ్బనూ డబ్బా ఎంచుతుంది. పదివేల దెబ్బలకు ఒక గుర్తు. గుర్తులను బట్టి ఓట్లు. అయితే ఎన్ని గుర్తులుంటే అన్ని ఓట్లు కావు. నాలుగు గుర్తులకు రెండు ఓట్లు. తొమ్మిదింటికి మూడు. ఎనభై ఒకటికి తొమ్మిది.

"ఎక్కువ నేసినోడు ఎక్కువ మాట్లాడాలె. గని అందరి నోరు మూయించద్దు," అంది. "ఇంకోటి. గుర్తులు నెలనెలా పదో వంతు ఎండిపోతయి. లేకుంటే పాతోళ్లే ఎప్పటికీ కూసుంటరు."

నేను కాసేపు లెక్క వేసుకున్నాను. మూడో తరగతి వరకే చదివాను కానీ అంకెలు వచ్చు. కిలోమీటరు రాళ్లు నేర్పాయి.

"ఎనభై ఒక్క గుర్తులు ఒక్కడి పేరు మీదుంటే తొమ్మిది ఓట్లు. అవే తొమ్మిది పేర్ల మీద పంచితే, తలా మూడు. ఇరవై ఏడు."

స్వప్న తల వంచుకుంది. "అదే అయింది పెద్దబాపూ."

రమాకాంత్ నవ్వాడు. "తాతకు అర్థమైంది. రొట్టెను ముక్కలు చేస్తే పెరగదు. ఈమె రూల్ల పెరుగుతది. డేవిడ్ గా కిటుకు పట్టిండు."

జరిగింది ఇది. సంఘం ముద్రతో బయటికి పోయే పెద్ద జంపఖానాకు ఎవరి నమూనా తీసుకోవాలో పది రోజుల కింద ఓటు పెట్టారు. నమూనా ఎవరిదో అంచు మీద వాళ్ల పేరు నేస్తారు. ఎన్నడూ ఓడని ముసలి నేతగాడు కట్టయ్య ఓడాడు. అతని శిష్యుడు డేవిడ్ ఇరవై ఓట్ల తేడాతో గెలిచాడు. ఆ తర్వాత తేలింది, డేవిడ్‌కు పడిన ఓట్లలో ఇరవై ఏడు లేని మనుషులవి. తొమ్మిది మగ్గాల పేర్లున్నాయి, మగ్గాలు లేవు. ఆ ఇరవై ఏడు తీసేస్తే కట్టయ్యే గెలిచినట్టు.

"కొత్త మగ్గం చేరాలంటే పాత మగ్గం ఒకటి పూచీ పడాలె," అన్నాడు రమాకాంత్. "ఆ తొమ్మిదింటికి పూచీ పడ్డ కీ డేవిడ్‌ది. కీ అంటే నీ ఇనుప ముక్క కాదు తాతా. పన్నెండు రహస్యం మాటలు. అవి తెలిసినోడే ఫోన్ల ఓటెయ్యగలడు, సంతకం పెట్టగలడు. ఎవని కీ వాడినట్టు కనబడితే వాడే చేసినట్టు. గంతే."

"మా పనిల కూడ కీలే," అన్నాను.

"అవునవును. ఇద్దరం కీమ్యాన్లమే." తన మాటకు తనే మళ్లీ నవ్వాడు.

నాకు ఇంకా మండింది. ఈ తొమ్మిది మగ్గాలనూ సృష్టించింది ఇతనే అయితే ఎంత బాగుండు అనిపించింది. నిజంగానే అలా అనుకున్నాను. రెండు గంటలపాటు నా చూపంతా అతని చేతుల మీదే ఉంది. దానివల్ల నాకు రెండు గంటలు పోయాయి.

*

నకిలీ మగ్గాల లెక్క డబ్బాలు నిన్న పొద్దున ఇదే గదిలో దొరికాయి. మూలన డేవిడ్ రిపేరు పెట్టె ఉంది. సంఘంలో చెడిపోయిన డబ్బాలు బాగు చేసేది అతనే. ఆ పెట్టె అడుగున తొమ్మిదీ ఉన్నాయి. అందులో చూడమని చెప్పింది సుభాషిణి. ఆమె సంఘానికి పహరా. మోసం ఎక్కడైనా జరుగుతుందేమో చూసే మనిషి. రమాకాంత్‌ను పిలిపించిందీ ఆమే.

పెట్టె తెరిచాను. స్క్రూడ్రైవర్, పటకారు, వైరు ముక్కలు, రెండు పాత డబ్బాలు. అన్నింటి మీదా నూలు దూది సన్నగా, బూజులా పట్టి ఉంది.

"మగ్గం ఆడే గదిల, సాలెల రెండు దినాలు పెడితే ఏదైనా గట్లనే అయితది," అంది స్వప్న.

తొమ్మిది డబ్బాలను ఒక్కొక్కటే వెలుతురులో తిప్పి చూశాను. ఒక్కదాని మీదా దూది లేదు. అన్నింటికీ తెల్ల నాడా ముక్కలు కట్టి ఉన్నాయి, దేనికో బిగించి విప్పినట్టు. నాడా మీద నల్లటి నూనె మరక. వాసన చూశాను. పట్టాల గ్రీజు కాదు. బండి నూనె కాదు. పలచగా, కిరసనాయిలు పోలికతో ఉంది. ఎక్కడి వాసనో తెలుసు, వెంటనే పేరు రాలేదు.

తెగిన నాడాలను అతికిన ముడులున్నాయి. చిన్నవి, చదునైనవి. ముట్టుకుంటే తగలవు.

"ఇది నేతముడే కదా?"

"అవును. అచ్చు సందుల నుంచి పోవాలె గదా, గందుకే గంత చిన్నగ వేస్తరు."

రమాకాంత్ ముడి వేసే చెయ్యి కాదది. నాకు దిగులేసింది. ఆ మాట సిగ్గుతోనే రాస్తున్నాను.

"నీ లెక్క కాయిదం ఇయ్యి," అన్నాను అతనితో.

కాగితం ఇచ్చాడు. ఏ గంటకు మొదలైంది, ఏ గంటకు ఆగింది, మూడు నెలలది. అందులో వంక లేదు. బాగా తీశాడు. వేలు పెట్టుకుంటూ చదివాను. తొమ్మిదీ ఒకే నిమిషంలో మొదలవుతాయి. పదీ నలభై, పదీ నలభై ఐదు. ఒకే నిమిషంలో ఆగుతాయి. మూడూ ఇరవై, మూడున్నర. ఆదివారం లేదు. నెలకోసారి ఒక శనివారం లేదు.

"తొమ్మిదింటినీ తన మగ్గం అచ్చుకే కట్టిండు. గందుకే ఒక్క టైము," అన్నాడు రమాకాంత్. "ఆదివారం చర్చి, గందుకే బంద్. ఇంగ అసలు సంగతి సుభాషిణి మేడమ్ చెప్పింది. మూడు అమావాస్యలు చూడు. మిగతా రోజులకంటే రెండింతలు దెబ్బలు. నేతగాళ్లు అమావాస్య నాడు మగ్గం ముట్టరట. ముట్టేటోడు ఈ గల్లీల ఎవడు? అమావాస్య లేనోడు. డేవిడ్ ఒక్కడే."

నేను కాగితం మడిచాను.

"డేవిడ్ సొంత మగ్గం లెక్క ఏది?"

"గదెందుకు?"

"తీయలేదా?"

"కీ దొరికినంక మనిషిని మళ్లీ వెతుకుతరా తాతా?"

"తియ్యి."

"చదువు రాదు గని హుకుం మస్తుంది." అయినా అతని వేళ్లు ల్యాప్‌టాప్ మీదికి పోయాయి. అది అతనిలోని మంచి గుణం. ఆ గుణం చూసి కూడా నాకు మండింది.

*

డేవిడ్‌ను ఒంటిగంటకు పిలిచాను. ముప్పై ఏళ్లుంటాయి. గడప లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"లోపలికి రా బిడ్డా."

"రమ్మంటరో లేదో అని కాకా."

"నీ పన్నెండు మాటలు ఎవరికి చెప్పినవ్?"

"ఎవ్వలికీ చెప్పలె. నా పెండ్లానికి గూడ తెల్వది."

"రాసి పెట్టినవా?"

"నేనేడ రాస్త? నాకు రాసిన చీటే ఇచ్చిండ్రు. మగ్గంతోపాటు."

"ఎవరిచ్చిండ్రు?"

"సుభాషక్క. ఆ మగ్గం ఆమెదే గద. భుజం పోయింది, కుడి చెయ్యి లేవదు. నువ్వు కూసో డేవిడూ, వేరేటోళ్లకు ఇయ్యబుద్ధి కాదు అన్నది. మగ్గం ఇచ్చింది, చీటి ఇచ్చింది. అప్పటి సంది మడికొండల బిడ్డ ఇంట్లనే ఉంటాంది."

నేను స్వప్న వైపు చూశాను. ఆమె ముఖం పాలిపోయింది. "మగ్గం చేతులు మారితే కీ మార్చాలె అని రూల్ల రాయలే," అంది మెల్లగా. "కీ మగ్గానిది అనుకున్నా. మనిషిది అనుకోలే."

రాసిచ్చిన పన్నెండు మాటలను ఇచ్చినవాళ్లు మరిచిపోతారా? సుత్తె ఎవరి చేతిలో ఉంటే కీ వాళ్ల మాటే వింటుంది.

"అమావాస్య నాడు నీ మగ్గం నడుస్తదా?" అని అడిగాను.

డేవిడ్ నన్ను వింతగా చూశాడు. "ఎట్ల నడుస్తది కాకా? కట్టయ్య తాత నేర్పినప్పుడే చెప్పిండు. సెలవు నీకు కాదురా, మగ్గానికి అన్నడు. ఆ దినం తుడిచి, దండం పెట్టి వస్త. మా పాస్టరు గారికి గూడ తెలుసు, నవ్వుతడు."

"ఆదివారం?"

"పొద్దుగాల చర్చి. రెండు గంటలకు వచ్చి కూసుంట. లేకుంటే వారం ఎట్ల ఎల్లుతది?"

కట్టయ్య వచ్చేసరికి రెండు దాటింది. డెబ్భై ఏళ్ల మనిషి. డేవిడ్ ముఖం చూడకుండా నా పక్కన కూర్చున్నాడు.

"శిష్యుడు గెలిస్తే ఎట్లుండె?" అన్నాను.

"కడుపు మండె సాంబన్నా. అబద్ధమెందుకు? వాని నమూనా చూసిన. నెమలి మెడ రంగు అంచు. నాకు రాకపాయె గీ ఆలోచన అని మూడు దినాలు బువ్వ తినలె."

"మరి?"

"మరేంది? నాలుగో దినం తిన్న. ఓడితే ఓడిన. గని దొంగతనం చేసి వాన్ని గెలిపించేటంత పిచ్చోన్ని కాదు."

"డేవిడ్ మగ్గం అమావాస్య నాడు..."

"పండుకుంటది. మా గల్లీల ఎవల్ని అడిగినా చెప్తరు. ఆ దినం గల్లీ అంత సప్పుడు ఉండదు. కుక్కలు గూడ బుగులుపడతయి."

ముడి ఉన్న నాడా అతని చేతిలో పెట్టాను. కళ్ల దగ్గరికి పెట్టుకుని, వేలితో తడిమి, ఆగిపోయాడు. మళ్లీ తడిమాడు.

"ఏందన్నా?"

"ముడి మంచిదే. గని ఎదురు పోయింది. మేమందరం కుడికి తిప్పుతం. ఇది ఎడమకు తిప్పిండ్రు." నాడా కొసను వెలుతురుకు పెట్టాడు. కొస ఎర్రగా ఉంది, పంటి గాట్లతో. "ఒక కొసను పండ్ల నడుమ వట్టిండ్రు. ఆకువక్క తినే నోరు."

ఆ మాట అని నాడాను బల్ల మీద మెల్లగా, నిద్రపోయే పిల్లను దించినట్టు పెట్టాడు.

*

సుభాషిణి మడికొండ నుంచి బస్సులో వచ్చి దిగింది. మూడూ యాభై. యాభై ఏళ్ల మనిషి. కుడి చెయ్యి చీర కొంగులో దాచుకుని ఉంది. నోట్లో ఆకు ఉంది.

"ఏందన్నా, ఆరు గంటలకు ఓటు మూస్తరు. ఇంకా ఏం తవ్వుతాండ్రు?"

"రెండు మాటలు అడిగి పోత. పహరా పని ఎట్లుందక్కా?"

"ఏముంటది? సంవత్సరం మీద మూడు నెల్లయితాంది. మగ్గం లేదు, గుర్తులు రావు. పహరా పేరు మీదికి మార్చిన పాతయి నెలనెలా ఎండుతయి. ఇరవై ఓట్ల మనిషిని, తొమ్మిదికి దిగిన. ఇంకొన్ని దినాలైతే నన్ను అడిగేటోడు ఉండడు."

"దొంగను పడితే?"

"పట్టుబడ్డోని ఓట్లు పహరాకు. రూలే ఉన్నది. స్వప్ననే రాసింది."

"డేవిడ్‌కు ఎన్ని?"

"పదహారు," అంది. తడుముకోలేదు.

"మడికొండల పొద్దంత ఏం చేస్తవ్?"

"బిడ్డ, అల్లుడు డ్యూటీకి పోతరు. జాకెట్లు కుడత. కాలుతోని తొక్కే మిషను, చెయ్యి ఎక్కువ ఆడియ్యక్కర్లేదు."

వాసన పేరు అప్పుడు దొరికింది. కుట్టుమిషన్ నూనె.

"మళ్లా గల్లీలకు పోయినవా, నీ మగ్గం చూడ?"

ఆమె కొంగు సర్దుకుంది. "ఎందుకు పోవాలె? గదికి వస్త, మీటింగుకు కూసుంట, పోత. నెలకొక్క శనివారం."

నెలకోసారి ఆగిపోయిన ఆ శనివారం ఏమిటో తెలిసింది.

"డేవిడ్ మగ్గం అమావాస్య నాడు నడుస్తదా?"

"ఎందుకు నడవదు? వానికి అమావాస్య ఏంది? వానిది ఆదివారమేనాయె."

గదిలో అందరూ విన్నారు. కట్టయ్య కళ్లు మూసుకున్నాడు. డేవిడ్ గోడ వైపు తిరిగాడు. రమాకాంత్ ఒక్కడే ల్యాప్‌టాప్‌లో ఏదో చూస్తూ ఉన్నాడు. నేను అడిగిన లెక్క అప్పుడే తెరిచినట్టున్నాడు. అతని చెయ్యి ఆగిపోయింది.

"తాతా," అన్నాడు. ఆ పిలుపులో వెటకారం లేదు. "డేవిడ్ సొంత మగ్గం... మూడు అమావాస్యలు సున్నా. ఆదివారం రెండింటి నుంచి ఆరింటి దాక నడిచింది. ఈ తొమ్మిదింటితోని ఒక్క టైము గూడ కలుస్తలేదు."

"కలవది," అన్నాను. "అవి మగ్గానికి కట్టలే. మిషన్ తొక్కుడు పలకకు కట్టిండ్రు. బిడ్డ, అల్లుడు ఇంట్ల ఉండే ఆదివారం తొక్కలే. మీటింగు శనివారం బస్సెక్కాలె కాబట్టి తొక్కలే. అమావాస్య నాడు మాత్రం రెండింతలు తొక్కిండ్రు, ఎవరి కంటికైనా పడాలని."

సుభాషిణి ఎవరి వైపూ చూడలేదు. నేను తెగిన నూలు పోగులు రెండు ఆమె ముందు పెట్టాను. "జర ముడెయ్యక్కా."

వెయ్యనంటుందని అనుకున్నాను. చేతి ముందు తెగిన పోగు ఉంటే నేతగాళ్లు ఊరుకోలేరేమో. ఎడమ చెయ్యి తనంతట తానే కదిలింది. ఒక కొస పళ్ల మధ్యకు పోయింది. నేను రెప్ప వేసి తెరిచేలోపు ముడి పడింది. చదునుగా, ఎడమకు తిరిగి, కొస ఎర్రగా.

అంత అందమైన ముడి నేను చూడలేదు.

ఆమె కూడా దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"పందొమ్మిదేండ్లు కూసున్న ఆ మగ్గం మీద," అంది చివరికి. "వానికి నేనే ఇచ్చిన. ఎవలూ గుంజుకోలె. మొదటి దినం చూద్దామని పోయిన. గల్లీ మలుపుల ఉండంగనే సప్పుడు ఇనబడ్డది. నా చేతికి ఆడినట్టే ఆడుతాంది. నేను లేకున్నా గట్లనే ఆడుతాంది. అక్కడికెల్లి అటే మర్రిన. మళ్లా పోలె."

"నమూనా ఓటుల వాన్ని గెలిపించినవ్," అన్నాడు రమాకాంత్, నమ్మలేనట్టు.

"గెలిస్తెనే గద పట్టొచ్చు. ఓడిన దొంగను ఎవలు పడతరు?" డేవిడ్ వీపు వైపు తిరిగి అంది, "నువ్వు నా మగ్గం మీద బాగ నేసినవురా. అదే నీ తప్పు."

డేవిడ్ తిరగలేదు. కానీ మాట్లాడాడు. "అక్కా, గల్లీలకు ఒక్కపారి వచ్చినా తెలుస్తుండె. అమావాస్య నాడు మగ్గం తుడిచి, నీ పేరు మీదనే దండం పెడత."

ఆమె ముడి ఉన్న పోగును వేలికి చుట్టుకుంది. ఆమె పన్నిన వలంతా ఆ ఒక్క మాట తెలియకపోవడం మీద నిలబడి ఉంది. గల్లీలో చిన్నపిల్లకు తెలిసిన సంగతి. తెలుసుకోనివ్వనిది ఆమె అసూయే.

స్వప్న బల్ల మీద తల ఆనించింది. "నా రూలే ఈమెను దొంగను చేసింది. దొంగ దొరికితేనే పహరాకు కూడు అని రాసిన. దొరకకపోతే ఎండిపోవాలె అని రాసిన. పెద్దబాపూ, మరి ఎట్ల రాయాలె?"

"మాకు పట్టా మీద ఏం కాని దినమే పని అయిన దినం," అన్నాను. "దానికి కూలి పెట్టు. దొంగను చూపెట్టినందుకు పెట్టకు."

"మనిషికి కీ మార్చుడు గూడ రాస్త," అంది కళ్లు తుడుచుకుంటూ. "గుర్తులు ఎన్ని ముక్కలు చేసినా, ముఖం చూసి ఇద్దరు సాక్ష్యం చెప్పందే ఓటు లేదని రాస్త."

అయిదూ ఇరవైకి రమాకాంత్ తన రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నట్టు అందరి ఫోన్లకూ పంపాడు. తనే తప్పు మనిషిని పట్టానని పేరు పెట్టి రాశాడు. ఆరింటికి ఓటు మూసేసరికి డేవిడ్‌ను తీసెయ్యాలన్నవాళ్లు నలుగురు మిగిలారు. డేవిడ్ పేరు గొలుసులో నిలిచింది. సుభాషిణిని తీసెయ్యాలని అక్కడికక్కడే ఒకరు కొత్త ఓటు పెట్టారు. దానికి మొదట వద్దని నొక్కింది డేవిడ్.

నేను చెప్పులు వేసుకుంటుంటే రమాకాంత్ గడప దాకా వచ్చాడు.

"తాతా, దూది సరే, ముడి సరే. గని ఆమె ముడెయ్యక ముందే నువ్వు పహరా మనిషి దిక్కు మర్లినవ్. దొంగను పడితే ఆమెకేమొస్తదని గూడ నువ్వే అడిగినవ్. కాపలా ఉన్నోళ్లే దొంగతనం చేస్తరని నీకెట్ల తట్టింది?"

నేను జవాబు చెప్పేలోపు లోపలి నుంచి సుభాషిణి అంది.

"చేసినోనికే తెలుస్తది."

రమాకాంత్ నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆపేశాడు.

ఆమె నన్నే చూస్తోంది. ఎర్రటి కళ్లు, చూపు తిప్పని కళ్లు. "నీకెర్కనే అన్నా. నేనొచ్చినప్పటి సంది ఆ రమాకాంత్‌ను నువ్వు చూసిన చూపు నేను చూడలేదనుకున్నవా? గా మంట నాకెర్కే. ఎవల మీద చేసినవ్? ఏం చేసినవ్?"

నేను మెట్లు దిగాను. రోడ్డు మీద టైము చూసుకోబోయి, చూసుకోలేదు.

ముప్పై అయిదేళ్ల కిందటి సంగతి. ఒక్కో కీమ్యాన్ రోజూ నడిచి చూసే దూరాన్ని బీటు అంటారు. నా పక్క బీటు భాస్కర్‌ది. చలికాలం పొద్దున అతను చీలిన పట్టాను చూశాడు. ఎర్రజెండా పట్టుకుని ఎదురు పరిగెత్తి బండిని ఆపాడు. పెద్ద దొర వచ్చి దండ వేశాడు. గ్యాంగంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఇంటికి పోయి అన్నం తినలేదు. కట్టయ్యలా నాలుగో రోజు కూడా తినలేకపోయాను.

నెల తర్వాత, అతని బీటులో నాలుగు కీలు నా సుత్తెతో నేనే వదులు చేశాను. గంట ఆగి, వాటిని నేనే కనిపెట్టాను. బండి రాకముందే బిగించాను. భాస్కర్ చూసుకోలేదని రాశారు. అతన్ని దూరం బదిలీ చేశారు, పిల్లల చదువు మధ్యలో ఆగింది. నాకు గడియారం ఇచ్చారు.

*

మరునాడు పొద్దున ఏడింటికి కాజీపేటలో డీజిల్ షెడ్డు వెనక భాస్కర్ ఇంటికి పోయాను. రిటైరయ్యాక అతను అక్కడే ఉంటున్నాడని నాకు పదేళ్లుగా తెలుసు. ఎన్నడూ ఆ సందులోకి తిరగలేదు. అతను అరుగు మీద కూర్చుని పేపరు చూస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచాడు. "సాంబయ్యా, నువ్వేనా? రా, రా" అన్నాడు. లోపలికి తిరిగి, చాయ్ పెట్టమని చెప్పడానికి నోరు తెరిచాడు.

నేను గడియారం విప్పి అరుగు మీద పెట్టాను. ఆ నాలుగు కీలూ వదులు చేసింది నేనే అని చెప్పాను. చాయ్ మాట అతని నోట్లోంచి వచ్చేలోపే చెప్పాను. వచ్చాక చెబితే, ఆ ఇంటి చాయ్ తాగినవాడినవుతాను.